మనస్ఫూర్తిగా పని చేయడం పిల్లలకు ఎలా నేర్పాలి?

ప్రశ్న: మాకు పదకొండేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు ఉన్నారు. ఇంటి పనులు అలవాటు చేద్దామని గోడకు ఒక పట్టిక అంటించి, చేసిన ప్రతి పనికీ ఐదు రూపాయలు ఇస్తూ వచ్చాను. ఇప్పుడు బాబు మంచినీళ్ల సీసాలు నింపమన్నా “ఎంత ఇస్తావమ్మా?” అని అడుగుతున్నాడు. పాప నేను పక్కనుంటే గిన్నెలు శుభ్రంగా తోముతుంది, లేకపోతే జిడ్డుతోనే బోర్లిస్తుంది. ఏ పని చేసినా మనుష్యుల కోసం కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమనే కొలొస్సయులకు 3:23ను సండే స్కూల్లో కంఠత వాక్యంగా నేర్చుకుని తడుముకోకుండా అప్పజెబుతుంది. “నేను చూడకపోయినా ప్రభువు చూస్తున్నాడు” అంటే మాత్రం ముఖం చిన్నబుచ్చుకుంటోంది. మగపిల్లాడికి వంటింటి పనులేమిటని మా అత్తగారు అంటున్నారు. పిల్లలు ప్రభువు కోసం మనస్ఫూర్తిగా పని చేయాలంటే నేనేం చేయాలి? — ఒక సహోదరి, నరసాపురం

జవాబు: సహోదరీ, మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది “ప్రభువు చూస్తున్నాడు” అన్న మాట గురించి. అది సత్యమే. కానీ గిన్నెలో జిడ్డు కనబడినప్పుడు మాత్రమే ఆ మాట వింటే, దేవుడు తన తప్పులు పట్టుకోవడానికే కనిపెట్టుకుని ఉన్నాడని పాప మనసులో నాటుకుపోతుంది. మీ పాప కంఠత పట్టిన వాక్యానికి ముందు వచనంలోనే పౌలు, యజమాని కంటికి కనబడడం కోసం పని చేయవద్దని దాసులను హెచ్చరించాడు. అమ్మ కళ్లకు బదులు దేవుని కళ్లకు భయపడి పని చేయడం నేర్పితే, పౌలు మానమన్న అలవాటునే మనం మరో రూపంలో నేర్పినవాళ్లమవుతాం.

ఆ హెచ్చరికకు సరిగ్గా ముందు వచనం తల్లిదండ్రుల కోసమే ఉంది: “తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి.” సండే స్కూల్లో 23వ వచనం పిల్లలకు నేర్పించే మనం, 21వ వచనం పెద్దలకు కంఠత వాక్యంగా ఇవ్వడం చాలా అరుదు. ముఖం చిన్నబుచ్చుకునే మీ పాపకు సంబంధించిన వచనం, నా ఉద్దేశంలో, ముందుగా అదే.

ఇక గిన్నెల సంగతి. చేపల పులుసు వండిన గిన్నెకు జిడ్డు లోపల కంటే అంచు మడత కింద ఎక్కువ పేరుకుంటుంది, పళ్లేనికైతే వెనకవైపు ఉండిపోతుంది. పదకొండేళ్ల పిల్లకు ఆ సంగతి ఎవరో ఒకరు చూపిస్తే తప్ప తెలియదు. కాబట్టి మనసు పెట్టలేదని అనేముందు, పాప వేలిని ఆ అంచు కింద ఒకసారి రాయించి, జిడ్డు తగిలిన చోట పీచు ఎలా తిప్పాలో చూపించి, ఆ గిన్నెను మళ్లీ తనతోనే తోమించండి. పాప చూస్తుండగా మీరు తీసుకుని తోమడం మాత్రం వద్దు. చాలామంది తల్లులు తొందర కొద్దీ అలా చేస్తారు, కానీ తాను చేసిన పనికి విలువ లేదని పిల్లకు ఇట్టే అర్థమైపోతుంది, ఆ తరువాత శ్రద్ధ పెట్టడానికి కారణమే కనబడదు. ఆ గిన్నెలో రేపు ఎవరు తింటారో కూడా చెప్పండి: “ఇది తాతయ్య పళ్లెం, ఆయనకు జిడ్డు వాసన పడదు” అన్న మాట పిల్లకు వెంటనే అందుతుంది. ప్రభువు నిమిత్తం చేయడమంటే ఏమిటో ఆ వయసులో అర్థమయ్యేది, ఆయన ప్రేమించే ఒక మనిషి కోసం చేయడం ద్వారానే.

పిల్లలు సణుగుతూ చేస్తే అది యథార్థమైన పని కాదేమోనని కూడా మీకు అనిపించవచ్చు. మత్తయి 21వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల ఉపమానం చూడండి. ద్రాక్షతోటకు వెళ్లి పని చేయమని తండ్రి చెబితే, ఒకడు పోనన్నాడు కానీ తరువాత మనసు మార్చుకుని వెళ్లాడు, రెండోవాడు పోతానని మర్యాదగా చెప్పి వెళ్లలేదు. తండ్రి ఇష్టప్రకారం చేసినవాడు మొదటివాడే. పారిస్‌లో కర్మెలీయులనే క్రైస్తవ సన్యాసుల మఠంలో చాలా ఏళ్లు వంటవాడిగా పనిచేసి 1691లో కన్నుమూసిన లారెన్స్ సహోదరునికి వంటపని స్వభావరీత్యా అసలు గిట్టేది కాదు, అయినా పెనం మీద అట్టు తిరగేయడం కూడా దేవుని మీద ప్రేమతోనే చేసేవాడు. పని ఇష్టం లేకపోవడం కపటం కాదు. “నాకిది ఇష్టం లేదమ్మా, అయినా చేస్తాను” అనగలిగిన పిల్ల అబద్ధపు చిరునవ్వు నేర్చుకున్న పిల్లకంటే ఎంతో మేలు, ఆ మాట అనగలిగే స్వేచ్ఛ మీ ఇంట్లో ఉండనివ్వండి.

పట్టికను ఒక్కసారిగా చించేయకండి, మాట తప్పారని బాబు అనుకుంటాడు. ఫలానా తేదీ వరకు ఇస్తానని ముందే చెప్పి, ఆ రోజు వరకు లెక్క ప్రకారం ఇచ్చి, ఆపండి. ఆ తరువాత చేతిఖర్చుకు వారానికి కొంత ఇవ్వదలచుకుంటే, పనితో ముడిపెట్టకుండా ఇవ్వండి. మీ ఇంట్లో ప్రార్థన కూటం జరిగే రోజున చాపలు పరచడం, వచ్చినవారికి మంచినీళ్లు అందించడం బాబుకు అప్పగించండి. నడుము నొప్పితో కూర్చోలేని పెద్దావిడకు గోడ పక్కన కుర్చీ వేయాలని వాడంతట వాడే గమనించిన రోజున, ఎంత ఇస్తావన్న ప్రశ్న వాడికే గుర్తుండదు. అప్పుడు కూడా అందరి ముందూ పొగడకుండా, “అవ్వ హాయిగా కూర్చుంది నాన్నా” అంటే చాలు.

మీ అత్తగారితో వాదించనక్కరలేదు. యోహాను సువార్త 21వ అధ్యాయాన్ని కుటుంబ ప్రార్థనలో చదివించండి, వీలైతే ఆమెచేతనే. తిరిగి లేచిన ప్రభువు రాత్రంతా వలలు వేసి అలిసిన శిష్యుల కోసం ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి, భోజనానికి రమ్మని పిలిచాడు. మీ వారు కూడా అప్పుడప్పుడు తిన్న పళ్లెం తామే తీసి కడిగితే, బాబుకు వేరే వివరణ అవసరం ఉండదు.

చివరిగా రాత్రి ప్రార్థన గురించి ఒక మాట. “ప్రభువా, మా పాపకు బుద్ధి దయచేయండి, చెప్పిన పని శ్రద్ధగా చేసేలా మార్చండి” అని పిల్ల వింటుండగా పైకి ప్రార్థించడం మన ఇళ్లలో మామూలైపోయింది. అది దేవునితో మాట్లాడుతూ పిల్లను మందలించడం. ఆ విన్నపం మీరు ఒంటరిగా ఉన్నప్పుడు చేసుకుని, పాప పక్కన ఉన్నప్పుడు మాత్రం ఆ రోజు తాను చేసిన పనుల్లో ఒకదాన్ని పేరు పెట్టి చెప్పి, దాని కోసం ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పండి.