రోహిణి ఎండల్లో తూనీగల చిత్రాలు

ప్రశ్న: తెల్లవారుజామున మంచుకు తడిసిన పురుగులు కదలవని చదివి, మా పెరట్లోని తూనీగలను 100 మి.మీ. మాక్రో లెన్సుతో (చిన్నవాటిని బాగా దగ్గరనుంచి తీసే లెన్సు) తీయబోతే అవి పొద్దు పొడవకముందే ఎగిరిపోతున్నాయి. ఒకటి దొరికినా కన్ను స్పష్టంగా వస్తే రెక్కలు మసకబారుతున్నాయి. పురుగును కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి తీయమని ఒక మిత్రుడు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు చదివిన సలహా చలిదేశాలకు సరిపోతుంది. పురుగు ఒంటి వేడి చాలావరకు చుట్టూ ఉన్న గాలిని బట్టి ఉంటుంది కనుక, అక్కడ రాత్రి చల్లబడిన తూనీగ ఎండ తగిలేదాకా లేవలేదు. రోహిణి కార్తెలో మనకు వేకువన కూడా 30 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. ఎగరడానికి తూనీగకు ఆ వేడి చాలు. అందువల్ల చలి కోసం చూడకుండా పురుగు అలవాట్లను గమనించండి.

మిట్టమధ్యాహ్నం కొన్ని జాతుల తూనీగలు ఒంటికి ఎండ తగిలే మేర తగ్గించుకోవడానికి, తోకలాంటి పొడవాటి పొట్టను సూర్యుడివైపు నిటారుగా ఎత్తి కూర్చుంటాయి. మంచుబిందువుల చిత్రాలకన్నా ఈ భంగిమే నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. అది లేచిపోతే వెంటపడకండి. చాలాసార్లు అదే పుల్ల మీదికి తిరిగి వస్తుంది కాబట్టి, ముందే ఆ పుల్ల కొసకు ఫోకస్ సరిచూసుకుని ఆగండి. కదలని పురుగే కావాలంటే పొద్దుగుంకే వేళ ఎండు కొమ్మలను వెతకండి. పొట్ట మీద నీలిచారలుండే ఒక రకం తేనెటీగల్లో మగవి పుల్లను దవడలతో కరచి పట్టుకుని, పక్కపక్కనే రాత్రంతా అలాగే నిద్రపోతాయి.

ఫ్రిజ్ సలహాను దయచేసి పాటించకండి. పురుగుకు హాని జరగడం ఒకటైతే, ఎండకు తూనీగ పొట్ట ఎత్తడం, తేనెటీగ పుల్లను కరచి పట్టుకోవడం వంటి మనం చూడదలచిన పనులేవీ మొద్దుబారిన పురుగులో మిగలవు.

ఇక మసక సంగతి. పురుగు సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద తన అసలు పరిమాణంలోనే పడేంత దగ్గరగా తీసినప్పుడు, ఎపర్చరు (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కనున్న అంకె పెరిగేకొద్దీ ఇది చిన్నదవుతుంది) ఎఫ్/8 వద్ద ఉంటే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 1 మి.మీ. మాత్రమే. ఎపర్చరును ఎఫ్/16 దాటి మూస్తే కాంతి వివర్తనం (చిన్న రంధ్రం గుండా వచ్చే కాంతి పక్కలకు చెదరడం) వల్ల చిత్రమంతా స్పష్టత తగ్గి మెత్తబడుతుంది. ఎఫ్/11 దగ్గర ఆగి, తూనీగ ఒళ్లూ చాచిన రెక్కలూ సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా పైనుంచి తీయండి. కొంచెం వెనక్కి జరిగి తీసినా లోతు పెరుగుతుంది. ఫోకస్‌ను చేత్తోనే స్థిరపరచి, మీరే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కీ వంగుతూ, కన్ను తేటపడిన క్షణాన షట్టర్ నొక్కండి. ఫ్లాష్ వాడితే దాని ముందు పల్చటి తెల్లగుడ్డ కట్టండి, లేకపోతే రెక్కలు తళుక్కుమని వాటి ఈనెలు కనిపించవు.