మావారు మాత్రలు మానేస్తున్నారు, డాక్టరుకు చెప్పొద్దంటున్నారు

ప్రశ్న: మావారికి 46 ఏళ్ళు, బట్టల షాపు ఉంది. నాలుగేళ్ళ క్రితం సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. అప్పటినుంచి ఇమాటినిబ్ 400 ఎంజీ రోజుకొకటి వాడుతున్నారు. రెండో ఏడాదికల్లా రక్తంలో ఈ జబ్బు ఎంతుందో చెప్పే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష అంకె 0.03 శాతానికి వచ్చి అక్కడే నిలబడింది. పోయిన నెల పరీక్షలో 0.16 వచ్చింది. డాక్టరుగారు మళ్ళీ ఒకసారి చూద్దామని, ఇంకా పెరిగితే మందు మార్చాలని అన్నారు. మొన్న బీరువా సర్దుతుంటే పోయిన నెల మాత్రల డబ్బా కనబడింది. 30లో 11 మిగిలే ఉన్నాయి. గట్టిగా అడిగితే చెప్పారు. రాత్రుళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయట, పొద్దున కళ్ళు ఉబ్బి ఉంటే షాపుకొచ్చినవాళ్ళు ఏమైందని అడుగుతున్నారట. అందుకని ఆరు నెలలుగా వారానికి రెండు మూడు రోజులు మానేస్తున్నారట. మా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, ఈ జబ్బు సంగతి బంధువులెవరికీ తెలియదు. డాక్టరుకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నారు. విదేశాల్లో సగం డోసే ఇస్తున్నారని మా మరిది ఆయన్నే సమర్థిస్తున్నాడు. అత్తగారేమో ఆయనకు తిప్పతీగ కషాయం తాగిస్తున్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు 0.16 గురించి. జబ్బు చేయి దాటిపోలేదు. సీఎంఎల్‌లో ఏడాది వైద్యం తర్వాత బీసీఆర్-ఏబీఎల్ 0.1 శాతం లోపు ఉంటే మందు బాగా పనిచేస్తున్నట్టు. 0.1 నుంచి 1 మధ్య ఉంటే హెచ్చరిక. 1 దాటితే ఆ మందు ఫలించడం లేదని మార్చే ఆలోచన చేస్తారు. 0.03 ఉన్నది 0.05 అయితే ల్యాబు తేడా అనుకోవచ్చు. ఐదు రెట్లు పెరగడాన్ని అలా కొట్టిపారేయలేం. అయితే కారణం వెతకడానికి మీరు ఎక్కడికో పోనక్కర్లేదు, బీరువాలోనే దొరికింది.

నన్ను కలవరపెడుతున్నది ఆ అంకె కాదు, డాక్టరుగారికి ఆ కారణం తెలియకపోవడం. ఆయన లెక్క ప్రకారం మీవారు రోజూ 400 వేసుకుంటున్నారు. వేసుకుంటున్నా అంకె పెరిగిందంటే ఎవరికైనా వచ్చే మొదటి అనుమానం జబ్బు మందుకు లొంగడం మానేసిందని. జబ్బు కణాల జన్యువు మారి మందుకు లొంగడం లేదేమో చూసే మ్యుటేషన్ పరీక్ష రాస్తారు. ఆ తర్వాత డాసాటినిబ్‌కో నిలోటినిబ్‌కో మారుస్తారు. అవి మంచి మందులే, కానీ వాటి ఇబ్బందులు వాటికున్నాయి. డాసాటినిబ్‌తో కొందరికి ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది. నిలోటినిబ్‌తో షుగరు, కొలెస్ట్రాల్ పెరగొచ్చు, గుండెకూ కాళ్ళకూ వెళ్ళే రక్తనాళాలు పూడుకుపోవచ్చు. పైగా నిలోటినిబ్ రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ మందుకు ముందు రెండు గంటలు, తర్వాత గంట ఏమీ తినకుండా వేసుకోవాలి. ఒక్క మాత్రకే ఇబ్బంది పడుతున్న మనిషికి అది ఇంకా కష్టం. చక్కగా పనిచేస్తున్న మందును పనిచేయడం లేదనుకుని వదులుకోవడం కన్నా పెద్ద నష్టం ఇంకొకటి లేదు.

మానేసిన మాత్రలు ఎంత తేడా చేస్తాయో చూడండి. 30కి 19 అంటే వేయవలసిన మందులో 63 శాతం. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి వైద్యులు ఇమాటినిబ్ వాడుతున్న 87 మందిని గమనించి 2010లో ఫలితాలు ప్రచురించారు. 90 శాతానికి మించి మాత్రలు వేసుకున్నవారిలో, ఆరేళ్ళ లెక్కన, 94.5 శాతం మంది 0.1 లోపుకు చేరే అవకాశం కనబడింది. 90 లేదా అంతకన్నా తక్కువ వేసుకున్నవారిలో అది 28.4 శాతమే. 90 శాతం అంటే నెలకు మూడు మాత్రలు తప్పడమే. మీవారికి తప్పినవి పదకొండు.

ఇక మీ మరిది మాట. అతను చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పాడు. బ్రిటన్‌లో డెస్టినీ అనే అధ్యయనం జరిగింది. అందులో చేర్చుకున్న 174 మందీ కనీసం మూడేళ్ళు మందు వాడినవాళ్ళు, ఏడాదికి పైగా 0.1 లోపు నిలకడగా ఉన్నవాళ్ళు. వాళ్ళకు ఏడాదిపాటు సగం డోసు, అంటే ఇమాటినిబ్ అయితే రోజూ 200 ఎంజీ ఇచ్చారు. 12 మందికి మాత్రమే అంకె మళ్ళీ 0.1 దాటింది. పూర్తి డోసు మొదలుపెట్టాక నాలుగు నెలల్లో అందరిదీ తిరిగి కిందికి వచ్చింది. మొదటి మూడు నెలల్లోనే నీరసం, వికారం, కళ్ళ ఉబ్బు లాంటి ఇబ్బందులు తగ్గాయి. కాబట్టి డోసు తగ్గించడం వైద్యంలో ఉన్న దారే. కానీ 0.01 కన్నా కింద ఉన్నవాళ్ళకు అది బాగా కలిసొచ్చింది. 0.01, 0.1 మధ్య ఉన్న 49 మందిలో 9 మందికి తిరగబెట్టింది. మీవారి 0.03 ఆ రెండో గుంపులోకే వస్తుంది. వాళ్ళందరికీ డాక్టరు కళ్ళముందు, క్రమం తప్పని పరీక్షలతో తగ్గించారన్నది ఇంకా ముఖ్యం. 0.16 ఉండగా ఎవరూ తగ్గించరు. ఈ వివరాలన్నీ మీ మరిదికి చెప్పండి. అన్నయ్య మంచి కోరే అన్నాడు కాబట్టి, ఇవి తెలిస్తే మీ పక్షానే మాట్లాడతాడు.

రోజూ తక్కువ డోసు వేసుకోవడమూ, మధ్యమధ్య మానేయడమూ ఒకటి కావు. ఇమాటినిబ్ దాదాపు 18 గంటలకు ఒంట్లో సగానికి తగ్గుతుంది. ఒక రోజు మానేస్తే మాత్రకూ మాత్రకూ మధ్య 48 గంటలవుతుంది. ఆ చివరి గంటలకు రక్తంలో మిగిలేది ఆరోవంతు మాత్రమే. వేసుకున్న రోజునేమో మళ్ళీ పూర్తి మోతాదు, దానితోపాటు వికారం, పట్టివేతలు. అంటే బాధ తప్పడం లేదు, ఫలితమూ దక్కడం లేదు.

మరి ఆ బాధల సంగతేమిటి? వాటిని ఊహ అని తీసిపారేయకండి. కళ్ళ చుట్టూ ఉబ్బు, పిక్కల్లో, పాదాల్లో, వేళ్ళలో పట్టివేతలు ఈ మందుకు బాగా తెలిసిన ఇబ్బందులు. వాటికి చేయదగినవి ఉన్నాయి.

మీవారు మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారో చూడండి. చాలామంది పొద్దున కాఫీతోనే మింగి షాపు తీయడానికి పోతారు. దానివల్లే సగం వికారం. ఇది తిండితో వేసుకోవలసిన మాత్ర, అదీ రోజులో అన్నిటికన్నా పెద్ద భోజనంతో, ఒక పెద్ద గ్లాసు నిండా నీళ్ళతో. మధ్యాహ్నం అన్నం మధ్యలో వేసుకోవడం చాలామందికి సరిపడుతుంది. రాత్రి భోజనంతో వేసుకునేవారు వెంటనే పడుకోకూడదు, కనీసం రెండు గంటలు ఆగాలి. మింగలేకపోతే 400 ఎంజీ మాత్రను 200 మిల్లీలీటర్ల నీళ్ళలో వేసి కలిపి, కరగగానే తాగేయొచ్చు. ఈ కరిగించే పద్ధతి ఇమాటినిబ్‌కే, మిగతా మందులకు వర్తించదు. ఒక పూట మరిచిపోతే ఆ రోజే గుర్తొచ్చినప్పుడు భోజనంతో వేసుకోవాలి. మర్నాడు గుర్తొస్తే ఆ మర్నాటిది ఒక్కటే, రెండు కలిపి వేసుకోకూడదు. మిగిలిపోయిన 11 కూడా అంతే, వాటిని ఇప్పుడు అదనంగా మింగించి లోటు పూడ్చాలని చూడొద్దు.

కళ్ళ ఉబ్బు ఒంట్లో నీరు నిలవడం వల్ల. ఉప్పు తగ్గించాలి. మన ఇళ్ళలో ఆవకాయ, వడియాలు, ఊరమిరపకాయలు, అప్పడాల ద్వారా కూడా ఉప్పు చాలా పోతుంది, ముందు వాటిని తగ్గించండి. తల కింద ఇంకో దిండు పెట్టుకుంటే పొద్దున ఉబ్బు తక్కువగా ఉంటుంది. మరీ ఎక్కువైతే నీరు తీసే మాత్ర డాక్టరు ఇస్తారు, మీ అంతట మీరు కొనొద్దు. అది పొటాషియం తగ్గించి పట్టివేతలు పెంచగలదు.

పట్టివేతలకు కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, ఫాస్ఫరస్, విటమిన్ డి పరీక్షలు చేయించమని అడగండి. ఏది తగ్గితే దానికి మందు ఇస్తారు. పడుకునే ముందు పిక్కలు సాగదీయడం, పగలంతా నీళ్ళు సరిగా తాగడం కూడా సాయపడతాయి. షాపులో గంటలకొద్దీ నిలబడేవారికి ఇది మరీ అవసరం.

ఇవన్నీ చేసినా బాధ తగ్గకపోతే, అప్పుడు డాక్టరుగారే డోసు తగ్గించొచ్చు. 100 ఎంజీ మాత్రలు దొరుకుతాయి కాబట్టి రోజూ మూడు వేసి 300కి తేవచ్చు. రక్తకణాలు పడిపోయినప్పుడు, కాలేయం దెబ్బతిన్నప్పుడు కూడా ఇలాంటి లెక్కలే ఉంటాయి. ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ వెయ్యి లోపుకు గాని, ప్లేట్‌లెట్లు 50 వేల లోపుకు గాని పడితే మందు ఆపుతారు. న్యూట్రోఫిల్స్ 1,500, ప్లేట్‌లెట్లు 75 వేలు దాటాక మళ్ళీ 400తోనే మొదలుపెడతారు. రెండోసారి కూడా పడితే 300కి దిగుతారు. కొన్ని పెద్ద ల్యాబులలో రక్తంలో ఇమాటినిబ్ ఎంతుందో కొలుస్తారు. తర్వాతి మాత్రకు ముందు తీసిన రక్తంలో మిల్లీలీటరుకు 1,000 నానోగ్రాములు ఉండాలని చూస్తారు. ఇవేవీ ఇంట్లో కూర్చుని ఊహించి చేసేవి కావు.

ఇప్పుడు ఒట్టు సంగతి. మీవారి వెనక డాక్టరుకు ఫోను చేయమని నేను చెప్పను. ఆయనకు తెలిసిన రోజున మాత్రలే కాదు, మాటలు కూడా దాచుకోవడం మొదలవుతుంది. అలాగని ఆ ఒట్టును మోస్తూ కూర్చోమనీ చెప్పను. పిల్లలు లేని వేళ చూసుకుని, మాత్రల ఊసుతో కాక ఆయన బాధతో మొదలుపెట్టండి. “రాత్రుళ్ళు ఎంత నలిగిపోతున్నారో నాకు చెప్పనే లేదు. ఈ నొప్పి తగ్గించమని అడగడానికే డాక్టరుగారి దగ్గరకు వెళ్దాం. మానేసిన సంగతి మీరే చెప్పండి. మీరు చెప్పలేకపోతే మీ పక్కన కూర్చుని నేను చెబుతాను. మందు మార్చేదాకా చూస్తూ మాత్రం నేను ఊరుకోలేను.” ఇంతే చాలు. ఇందులో దొంగచాటు లేదు, మీరేం చేయబోతున్నారో ఆయనకు ముందే తెలుస్తుంది. తర్వాత రోజూ డబ్బా తీసి లెక్కపెట్టకండి. అలా కాపలా కాస్తే మాత్ర చెత్తబుట్టలోకి పోతుంది. దాని బదులు మధ్యాహ్నం క్యారియరులో అన్నంతోపాటు మాత్ర పెట్టి పంపండి, క్యాలెండరు మీద గీత ఆయన్నే పెట్టుకోమనండి.

వచ్చే పరీక్ష వరకు ఆగొద్దు. ఈ వారమే వెళ్ళండి, ఈలోగా రోజుకొక 400 మామూలుగా మొదలుపెట్టించండి. రేపే పరీక్ష చేస్తే ఇన్నాళ్ళ మానివేతే మళ్ళీ అందులో కనబడుతుంది. క్రమంగా వేసుకున్న కొన్ని వారాల తర్వాత చేస్తేనే మందు పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. ఆ గడువు డాక్టరుగారు చెబుతారు. పరీక్ష ప్రతిసారీ ఒకే ల్యాబులో, రిపోర్టు మీద అంతర్జాతీయ స్కేలు అని ఉన్నచోటే చేయించండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది మీ అమ్మాయి సంబంధాల మాట. మీవారు మాత్ర మానేయడానికి నొప్పి ఒక్కటే కారణం కాదనిపిస్తోంది. ఉబ్బిన ముఖం చూసి ఎవరైనా కూపీ లాగుతారని, కూతురి పెళ్ళికి తానే అడ్డమవుతానని ఆ తండ్రి భయం. ఆ భయానికి ఆధారం లేదని ఆయనకు తెలియాలి. సీఎంఎల్ వంశపారంపర్యం కాదు. పెద్దయ్యాక ఎముక మజ్జలోని ఒక కణంలో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై పుట్టిన జబ్బు. అది పుట్టుకతో వచ్చింది కాదు, పిల్లలకు పోదు, అంటదు. మీ పిల్లలకు దీనికోసం పరీక్షలు కూడా అక్కర్లేదు. ఈ మాట డాక్టరుగారి నోటివెంట మీవారు వినేలా, వీలైతే అమ్మాయి కూడా వినేలా చూడండి. బంధువులందరికీ చాటమని అనడం లేదు. మీ అమ్మాయికి మాత్రం చెప్పండి. సంబంధం కుదిరే వేళకు అటువాళ్ళకు ఎంత చెప్పాలో మీ ముగ్గురూ కలిసి తేల్చుకోవచ్చు. ఈ మాత్రలు క్రమంగా వేసుకునేవారిలో చాలామంది మామూలు ఆయుష్షుకు దగ్గరగా బతుకుతున్నారు. మాత్రలు మానితేనే అమ్మాయి పెళ్ళినాటికి ఆరోగ్యం చిక్కుల్లో పడేది.

తిప్పతీగ కషాయం ఆపించండి. దానితో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఇమాటినిబ్ కరిగేది కాలేయంలోనే. “అత్తయ్యా, డాక్టరుగారు వద్దన్నారు” అంటే ఆవిడా నొచ్చుకోరు. ఇంకో డాక్టరు ఏ మందు రాసినా ఇమాటినిబ్ వాడుతున్నట్టు చెప్పాలి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటోయిన్, కార్బమజిపైన్ దీని బలాన్ని బాగా తగ్గిస్తాయి. క్లారిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్ లాంటివి ఒంట్లో దీని మోతాదు పెంచేస్తాయి. గ్రేప్‌ఫ్రూట్ వద్దు, అదే జాతి కాబట్టి పంపరపనస కూడా మానేయడం మంచిది.

ఒకవేళ మానేయడం వెనక డబ్బు ఇబ్బంది కూడా ఉంటే దాచుకోకుండా చెప్పండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఏదైనా మీకు వర్తిస్తుందేమో ఆసుపత్రిలో ఆ పని చూసే ఆరోగ్యమిత్రను అడగండి. కంపెనీ మార్చి చవక రకం కొనాలన్నా డాక్టరుకు చెప్పే మార్చండి, కొత్త రకం పేరు పరీక్షల ఫైలులో రాసిపెట్టుకోండి.

జ్వరం 100.4 దాటినా, ఆయాసం వచ్చినా, వారంలో రెండు కిలోలకు పైగా బరువు పెరిగినా, కళ్ళు పచ్చబడినా, చిగుళ్ళ నుంచి రక్తం కారినా, మలం నల్లగా వచ్చినా అపాయింట్‌మెంటు కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి ఫోను చేయండి. అప్పుడు మాత్ర ఆపాలా వద్దా అనేది ఆ ఫోనులోనే అడగండి.