మార్సెయ్‌లో రెండు రోజులు

ప్రశ్న: మేము ఐదుగురు స్నేహితులం పారిస్‌లో చదువుకుంటున్నాం. అందరమూ ఇరవై అయిదేళ్ల లోపు వాళ్లమే. మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం రైల్లో మార్సెయ్ వెళ్లి, ఆదివారం రాత్రికి తిరిగి రావాలనుకుంటున్నాం. ఒకరు సముద్రతీరంలోని కలాంక్ కొండల్లో నడవాలంటున్నారు, ఇంకొకరు దీవిలోని కోట చూడాలంటున్నారు, మిగిలిన వాళ్లకు మ్యూజియం, కొండ మీది చర్చి కావాలి. ఇవన్నీ కుదురుతాయా? ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?
– ఒక పాఠకురాలు, పారిస్

జవాబు: చాలావరకు కుదురుతాయి. కానీ ఏ రోజు ఏది చూడాలన్నది ఇప్పుడే ఖాయం చేసుకోకండి, ఎందుకంటే మార్సెయ్‌లో ఆ మాట తేల్చేది మిస్ట్రాల్ గాలి. రోన్ నది లోయ వెంట ఉత్తరం నుంచి దిగివచ్చే ఈ చలిగాలి వీచేటప్పుడు ఆకాశం మబ్బు తునక లేకుండా మెరుస్తూ ఉంటుంది గనుక కొత్తవాళ్లు వాతావరణం బాగుందనే అనుకుంటారు. తీరా రేవుకు వెళ్లేసరికి అలల ఉద్ధృతి వల్ల దీవులకు వెళ్లే పడవలు ఆపేసి ఉంటారు. అందుచేత శుక్రవారం రాత్రి గాలి సూచన చూసుకుని, గాలి తక్కువగా ఉండే రోజును సముద్రానికీ రెండో రోజును ఊరికీ కేటాయించండి.

పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషన్ నుంచి టీజీవీ హైస్పీడ్ రైలు దాదాపు మూడు గంటల ప్రయాణంలో మార్సెయ్ సెయింట్ చార్లెస్ స్టేషన్‌కు చేర్చుతుంది. 2001లో ప్రారంభమైన మధ్యధరా హైస్పీడ్ మార్గం వల్లనే ఈ వారాంతపు ప్రయాణం సాధ్యమైంది. టికెట్ ధర రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతుంది కనుక తేదీ తేలగానే, రానూపోనూ రెండూ ఒకేసారి కొనుక్కోండి. 12 నుంచి 27 ఏళ్ల వారికి ఇచ్చే రైల్వే వార్షిక రాయితీ కార్డు మీలో ఎవరికైనా ఉంటే వారి టికెట్ మీద 30 శాతం తగ్గుతుంది. చవక రైలైన వీగో ఎంచుకుంటే సామాను పరిమితిని, బయలుదేరే స్టేషన్ పేరును రెండుసార్లు చదవండి. దారిలో వచ్చే ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ టీజీవీ స్టేషన్‌లో పొరపాటున దిగవద్దు. అది మార్సెయ్ కాదు.

ఊరి రోజును సెయింట్ చార్లెస్ స్టేషన్ ముందున్న 104 మెట్ల నుంచి మొదలుపెట్టి, పాత రేవు వైపు నడుచుకుంటూ దిగండి. క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకు వర్తకులు స్థిరపడినది ఈ రేవులోనే. పొద్దున్నే వెళితే జాలరులు ఆ రోజు పట్టిన చేపలను గట్టు మీదే అమ్ముతూ కనిపిస్తారు. అక్కడి నుంచి సెయింట్ జాన్ కోటకు వెళ్లండి. కోట ఆవరణకు, తోటలకు టికెట్ లేదు. సన్నని వంతెన మీదుగా 2013లో తెరిచిన, యూరప్, మధ్యధరా నాగరికతలకు సంబంధించిన ముసెం మ్యూజియంకు చేరవచ్చు. వెనకనే ఉన్న ల పనియే పేట సందుల్లో తిరిగేటప్పుడు, రేవు పక్కన ఉన్న పాత వీధులను 1943లో నాజీలు జనాన్ని ఖాళీ చేయించి పేల్చివేశారన్న సంగతి గుర్తుంచుకుంటే, అక్కడి కొత్త భవనాలకూ పైనున్న పాత ఇళ్లకూ మధ్య తేడా ఎందుకో అర్థమవుతుంది. సాయంత్రం బస్సెక్కి నోత్ర్ దామ్ ద లా గార్ద్ చర్చికి వెళ్లండి. ప్రమాదాల నుంచి బయటపడిన నావికులు మొక్కుబడిగా సమర్పించిన చిన్న ఓడల బొమ్మలు లోపల వేలాడుతూ ఉంటాయి. నాకు బయటి దృశ్యం కంటే అవే ముఖ్యం.

ఇక సముద్రపు రోజు. ఇక్కడ మాత్రం కోట, కలాంక్ రెండూ పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. రెండూ హడావుడిగా ముగుస్తాయి. మొదటి ఫ్రాన్స్వా రాజు 16వ శతాబ్దంలో కట్టించి, తరవాత జైలుగా మారిన దీవిలోని ఇఫ్ కోటకు పడవ ఛార్జీ ఎలాగూ తప్పదు గానీ, ఫ్రాన్స్ నివాస పత్రం ఉన్న 18–25 ఏళ్ల వారికి కోట ప్రవేశం ఉచితం, కాబట్టి ఆ పత్రాలు వెంట ఉంచుకోండి. కలాంక్ అయితే ఊరి దక్షిణపు అంచున ఉన్న లుమినీ దాకా సిటీ బస్సులో వెళ్లి, సున్నపురాతి కొండల మధ్య నుంచి సుజితోన్ అనే సముద్రపు పాయ వైపు నడవాలి. వెళ్లేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎండలో ఎక్కుడు. నీళ్లు దండిగా, పట్టున్న బూట్లు తప్పనిసరిగా ఉండాలి. మీ ప్రయాణం వేసవికి వాయిదా పడితే పద్ధతి మారుతుంది: జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కార్చిచ్చు భయాన్ని బట్టి ముందురోజు సాయంత్రమే ప్రవేశం ఉందో లేదో ప్రకటిస్తారు, 2022 నుంచి సుజితోన్‌కు రద్దీ రోజుల్లో ఉచిత ముందస్తు రిజర్వేషన్ కూడా కావాలి.

పేరున్న చేపల పులుసు బుయ్యబెస్ మంచి హోటళ్లలో బాగా ఖరీదు. మీ బడ్జెట్‌కు శనగపిండిని ఉడికించి, ముక్కలుగా కోసి వేయించే పనీస్ సరిపోతుంది. శాకాహారులకూ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: మార్సెయ్‌లో భారతీయులకు సంబంధించిన చోటు ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, లియోన్

జవాబు: ఉంది. 1914 సెప్టెంబరులో మొదటి ప్రపంచ యుద్ధానికి తరలించిన భారత సైనికులు ఫ్రాన్స్‌లో దిగినది ఈ రేవులోనే. వారి స్మారకం మజార్గ్ యుద్ధ శ్మశానవాటికలో ఉంది. 1910 జూలైలో బ్రిటిష్ వారు ఖైదీగా ఇండియాకు తీసుకువెళుతున్న సావర్కర్ ఓడ నుంచి దూకి ఈది ఒడ్డు చేరి, మళ్లీ పట్టుబడినదీ మార్సెయ్‌లోనే. ఫ్రెంచ్ గడ్డ మీద పట్టుబడిన ఆయనను తిరిగి ఫ్రాన్స్‌కు అప్పగించాలా అన్న వివాదం 1911లో హేగ్ మధ్యవర్తిత్వ న్యాయస్థానం దాకా వెళ్లింది. మజార్గ్ పేట మార్సెయ్‌లో దక్షిణాన, లుమినీ దిక్కునే ఉంటుంది కనుక కలాంక్ నడక పెట్టుకున్న రోజున, వెళ్లేటప్పుడే అక్కడ ఆగితే వేరే ప్రయాణం అక్కరలేదు.