భక్త గ్రామానికి మకాం మార్చేముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. విజయనగరంలో ప్రైవేటు ఉద్యోగం. హిరమండలం మండలంలోని కూర్మ గ్రామం చూసొచ్చాక మనసు అక్కడే ఉండిపోయింది. భార్య, పదేళ్ల బాబు, ఆరేళ్ల పాపతో అలాంటి చోట స్థిరపడాలనుంది. ఎలా మొదలుపెట్టాలి?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: అప్పుడే ఉద్యోగం మానకండి. సంక్రాంతి సెలవుల్లో చూసిన ఊరు వేరు, ముసురు పట్టినప్పటి ఊరు వేరు. 2018లో మొదలైన కూర్మ గ్రామంలో కరెంటు, ఫోను లేకుండా కృష్ణభక్తితో పూర్వపు పల్లె జీవితం గడుపుతారు. ఇలాంటి చోట మీరు ఉండగలరో లేదో వానాకాలంలోనే తేలుతుంది. కట్టెలు తడిసి పొయ్యి రాజుకోదు, బట్టలు ఆరవు, పిల్లలకు జ్వరాలొస్తాయి. అక్కడి పెద్దలను అడిగి, వాళ్లు సరేనంటే ఉభాల (వరి నాట్ల) రోజుల్లో రెండు వారాలు కుటుంబంతో వెళ్లి పని చేస్తూ ఉండండి. నాట్లు వేయాలి, పేడ ఎత్తాలి. చుట్టపుచూపుగా వెళ్తే ఏమీ తెలియదు.

ఈలోగా ఇంట్లోనే దినచర్య మార్చుకోండి. ఇలాంటి చోట్ల పాటించేది కృష్ణభక్తి సంస్థ ఇస్కాన్ పద్ధతి. ఆ సంప్రదాయంలో మంగళ హారతి తెల్లవారుజామున నాలుగున్నరకు. దీక్ష తీసుకున్నవారు రోజూ 16 మాలలు జపిస్తారు. మాలకు 108 పూసల లెక్కన 1,728 సార్లు హరే కృష్ణ మహామంత్రం, సుమారు రెండు గంటల పని. రాత్రి ఎనిమిదికల్లా పడుకోకపోతే ఇది సాగదు. మాంసం, చేప, గుడ్డు, ఉల్లి, వెల్లుల్లితో పాటు టీ, కాఫీ కూడా ఉండవు. టీ ఒక్కసారిగా మానితే తలనొప్పి, చిరాకు పట్టుకుంటాయి. ఆ చిరాకును ఆ చోటి తప్పనుకుని వెనక్కి వచ్చేసేవారున్నారు. అందుకే వారానికో కప్పు తగ్గిస్తూ ఇంటి దగ్గరే మానేసి వెళ్లండి.

తిండి గింజల లెక్క అందరూ మరిచిపోతారు. మీ నలుగురికి రోజుకు కిలోన్నర బియ్యం అనుకుంటే ఏడాదికి 550 కిలోలు. వంద కిలోల ధాన్యం ఆడిస్తే 62 నుంచి 65 కిలోల బియ్యం వస్తుంది కాబట్టి 80 కిలోల బస్తాలు పదకొండు కావాలి. విత్తనం, వచ్చేపోయే జనం కలుపుకుని పదమూడు అనుకోండి. యూరియా మానేసిన మొదటి ఏడాది దిగుబడి పడిపోతుంది, ఎకరా మడి ఉన్నా ఆ పదమూడు రావడం కష్టమే. జూన్‌లో ఆకుమడి పోస్తే కళ్లం అయ్యేది నవంబరు, డిసెంబరుల్లో. సంక్రాంతికి వెళ్లినవారు సొంత గింజ తినడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదికి సరిపడా బియ్యం, పప్పు, చోళ్లు (రాగులు) వెంట ఉండాలి. నెలకు రెండు లీటర్ల నూనెకు ఏడాదికి 60 కిలోల నువ్వులు గానుగ ఆడించాలి. నాటు ఆవు పూటకు లీటరు, లీటరున్నర ఇస్తుంది. ఏడెనిమిది నెలల తర్వాత వట్టిపోతుంది కాబట్టి ఒక్క ఆవుతో ఏడాది పొడవునా పాలుండవు. ఉప్పు, బట్ట, మందులు ఎలాగూ కొనుక్కోవాల్సిందే. డబ్బు అవసరం తగ్గుతుందే గాని తీరిపోదు.

మీ ఉత్తరంలో మీ భార్య ఏమంటున్నారో రాయలేదు. మాకు అన్నిటికంటే అదే ముఖ్యం. మనిషికి 40 లీటర్ల చొప్పున నీళ్లు తోడితే 15 లీటర్ల బిందె రోజుకు పదకొండుసార్లు నూతి దగ్గర నుంచి ఇంటికి మోయాలి. పైన కట్టెల పొయ్యి, రుబ్బురోలు, దంపుడు. ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవారి మీదే పడుతుంది. మనస్ఫూర్తిగా ఆమె సరేననే దాకా కదలొద్దు. ఒప్పుకున్నా, నీళ్లు మోసే పని మీది అని ముందే మాట ఇవ్వండి.

పిల్లలను బడి మాన్పించేటప్పుడు టీసీ, స్టడీ సర్టిఫికెట్లు తప్పక తీసుకోండి. గురుకులంలో చదివినా, 14 ఏళ్లు నిండాక సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాయించవచ్చు. పెద్ద చదువుల్లో స్థానికత దగ్గర బడికి వెళ్లని ఏళ్లకు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం అడుగుతారు. బడి వయసు పిల్లల ఆధార్‌లో వేలిముద్రలు ఐదేళ్లకు, పదిహేనేళ్లకు కొత్తగా వేయించాలి.

ఫోను వదిలేసేవారు సిమ్ వదిలేయకూడదు. 90 రోజులు వాడకుండా, బ్యాలెన్సు లేకుండా ఉంచితే నంబరు పోయి ఇంకొకరికి వెళ్తుంది. మీ బ్యాంకు ఓటీపీలన్నీ ఆ కొత్త మనిషికి వెళ్తాయి. సిమ్‌ను అన్నదమ్ముల దగ్గరుంచి రీఛార్జ్ చేయించండి. రెండేళ్లు లావాదేవీ లేకపోతే బ్యాంకు ఖాతా కూడా స్తంభిస్తుంది.

ప్రశ్న: మావారు ఎకరా ఇరవై సెంట్లు ఒక ఆశ్రమానికి రాసిచ్చి మమ్మల్నందరినీ అక్కడికి తీసుకెళ్తానంటున్నారు. తాతల నాటి భూమి. ఇద్దరు ఆడపిల్లలు.
– ఒక గృహిణి, నరసన్నపేట

జవాబు: అమ్మా, సంతకం ఆపించండి. దానపత్రం రిజిస్టరైతే, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. పంపకాలు కాని పిత్రార్జితంలో ఆడపిల్లలకూ సమాన హక్కుంది. మిగతా హక్కుదారుల ఒప్పుదల లేకుండా అలాంటి భూమి మొత్తాన్ని ఒక్కరే దానమివ్వలేరు. ముందు 1-బి, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు తీయించి ఎవరి పేరు మీదుందో చూడండి. డి-పట్టా (ప్రభుత్వం పంచి ఇచ్చిన భూమి) అయితే 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రారు ఆఫీసులో అడగండి.

మీవారి భక్తిని కాదనక్కర్లేదు. భూమి మీ పేర్లమీదే ఉంచి ఏటా నాలుగు బస్తాల ధాన్యం ఇవ్వవచ్చు. లేదా ఆయన స్వార్జితం ఉంటే దాని మీద వీలునామా రాయవచ్చు, బతికున్నంతకాలం మార్చుకునే వీలుంటుంది. ఊళ్లో లేనప్పుడు భూమిని బీడు పెట్టకండి. 11 నెలల సాగుదారు పత్రంతో కౌలుకివ్వండి, మీ హక్కుకు భంగం రాదు. భూమి రాసిస్తేనే చేర్చుకుంటామని ఎవరైనా అంటే అక్కడికి వెళ్లకపోవడమే మంచిదని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: బీటెక్ అయిన మా అబ్బాయి బ్రహ్మచారిగా మఠంలో చేరతానంటున్నాడు. ఆపగలమా?
– ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: మేజరు కాబట్టి బలవంతంగా ఆపలేరు. పోట్లాడితే చెప్పకుండా వెళ్తాడు, అంతే. కూర్చోబెట్టి మూడు మాటలు అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంట్లో ఉంచి జిరాక్సులు తీసుకెళ్తాడా? జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు ఎవరిది? చదువు అప్పు ఉంటే తీర్చేదెవరు? హామీ సంతకం మీదైతే బ్యాంకు మీ ఇంటికే వస్తుంది. అప్పు తీరే దాకా ఉద్యోగం చేస్తూ సెలవుల్లో మఠంలో సేవ చేయమనండి. నిజమైన ఆసక్తి అయితే ఆ ఏడాది రెండేళ్లకు తగ్గదు. మీరూ ఒకసారి వెళ్లి రెండు రోజులుండి రండి.

ప్రశ్న: కవిటిలో ఉంటున్న మా అమ్మకు 70 ఏళ్లు. రక్తపరీక్షలో కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ కొంచెం ఎక్కువ. వేరే జిల్లాలో ఆశ్రమంలో ఉంటానంటోంది. పింఛను పోతుందా?
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: పోదు. సచివాలయంలో దరఖాస్తు పెట్టి కొత్త చోటికి బదిలీ చేయించండి. రెండు నెలలు అందుకోకపోయినా మూడో నెల కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలూ తీసుకోకపోతే ఆగిపోతుంది. రేషను రాష్ట్రంలో ఏ డిపోలోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు.

అసలు జాగ్రత్త కిడ్నీ గురించి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో పరీక్షలు, డయాలసిస్ దగ్గర్లోనే దొరుకుతాయి, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా ఉంది. ఆశ్రమానికి గంట ప్రయాణంలో ఆ సౌకర్యం లేకపోతే పంపకండి. మూడు నెలలకోసారి రక్తపరీక్ష, నెల ముందుగానే బీపీ మాత్రలు ఉండాలి. మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన నొప్పి మాత్రలు, పేరు తెలియని కషాయాలు మింగొద్దు, కిడ్నీని అవే ముందు దెబ్బతీస్తాయి. నీళ్లు కూడా ముట్టని నిర్జల ఏకాదశి ఆమెకు పనికిరాదని ఆశ్రమ పెద్దలకు మీరే చెప్పండి, డాక్టరు చీటీ చూపించండి.