డాక్టర్ సలహా: తలగడ కింద కత్తి ఉంటే నోటుపుస్తకాల సంగతి తర్వాత

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 20 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి కోటలు, రాజులు, మాయలు ఉన్న కథలు రాసుకునేవాడు. వాటిలో ఒక కోట కావలివాడు ఉంటాడు. మహా పిరికి, ఎవర్నీ నమ్మడు. అన్నం కూడా ముందు కుక్కకు వేసి, దానికేమీ కాలేదని చూసుకున్నాకే తింటాడు. ఐదు నెలలుగా మా తమ్ముడే అలా తయారయ్యాడు. మొదటి ముద్ద గుమ్మం ముందు కుక్కకు వేసి పది నిమిషాలు కూర్చుంటున్నాడు. కాలేజీ మానేశాడు. పక్కింటివాళ్లు గోడలోంచి వింటున్నారంటాడు. ఒక్కోసారి చెవులు మూసుకుని ఎవరికో జవాబు చెబుతాడు. ఇంతకుముందు ‘కావలివాడు వెళ్లాడు’ అని రాసేవాడు, ఇప్పుడు ‘నేను వెళ్లాను’ అని రాస్తున్నాడు. రాత్రుళ్లు నిద్ర లేదు. తలగడ కింద కూరగాయల కత్తి పెట్టుకుంటాడు. మందుల షాపులో అడిగితే ఆల్ప్రజోలం ఇచ్చారు. మూడు వారాలుగా అమ్మ దాన్ని పొడి చేసి రాత్రి పెరుగన్నంలో కలుపుతోంది. గాలి సోకింది, దర్గాకు తీసుకెళ్లమని బంధువులు అంటున్నారు. వాడికి ఏ అలవాట్లూ లేవు. ఈ కథల పిచ్చి వల్లే ఇలా అయ్యిందా? నోటుపుస్తకాలన్నీ కాల్చేస్తే మామూలు మనిషి అవుతాడా?
– ఒక అక్క, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, మీరు కథల గురించి అడిగారు. నేను ముందు కత్తి గురించి, పెరుగన్నం గురించి చెబుతాను.

కత్తి ఈ రోజే తీయండి. అతని చేతిలోంచి లాక్కోవద్దు, వాదన జరుగుతున్నప్పుడు అసలే వద్దు. స్నానానికి వెళ్లినప్పుడు తీసేయండి. వంటింటి కత్తులు, బ్లేడ్లు, పురుగుమందు డబ్బాలు, ఇంట్లో ఉన్న మాత్రలు కూడా తాళం వేసిన చోటికి చేరాలి. గదికీ బాత్రూంకీ లోపలి గడియలు విప్పించండి. కత్తి ఏదని అడిగితే అబద్ధం ఆడకండి. “నేనే తీశాను, ఎవరికీ దెబ్బ తగలకూడదని” అనండి, చాలు. ఇలాంటి భయంలో ఉన్నవాళ్లు ఎక్కువ మంది ఎవరి మీదికీ వెళ్లరు. ప్రమాదం వాళ్లకే ఎక్కువ. కానీ తనను చంపడానికి వస్తున్నారని నమ్మే మనిషి చీకట్లో తలుపు తోసుకుని వచ్చింది కన్నతల్లే అని గుర్తుపట్టకపోవచ్చు. చెవిలో వినిపించే గొంతులు ఏదైనా చెయ్యమని ఆదేశిస్తున్నాయా, చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దాడికి దిగితే 112కి, అంబులెన్స్‌కి 108కి ఫోన్ చేయండి.

ఇక పెరుగన్నం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. అన్నంలో ఏదో కలుపుతున్నారన్నది అతని అనుమానం. మీరు నిజంగానే కలుపుతున్నారు. మొదటి ముద్ద కుక్కకు వేస్తున్నాడని మీరే రాశారు. ఆ ముద్దలో ఆల్ప్రజోలం ఉంది. కుక్క ఒక్క రాత్రి మత్తుగా ఒరిగిపోయిందంటే ఆ ఇంట్లో ఆ అబ్బాయి మళ్లీ ఎవరి చేతి ముద్దా తినడు. తర్వాత ఏ డాక్టర్ ఏ మాత్ర ఇచ్చినా దాన్ని ఆ రాత్రితో కలిపే చూస్తాడు. అమ్మగారు ప్రేమతోనే చేశారని తెలుసు. అయినా వైద్యం మొత్తం నమ్మకం మీద నడవాల్సిన జబ్బులో ఉన్న ఆ కాస్త నమ్మకాన్నీ పణం పెడుతున్నారు.

వైద్యపరంగానూ ఇది తప్పుడు లెక్క. సగం అన్నం వదిలేస్తే సగం మాత్రే లోపలికి వెళ్తుంది, ఎంత వెళ్లిందో ఎవరికీ తెలియదు. ఆల్ప్రజోలం ఆందోళనను కాసేపు మందగింపజేస్తుంది, నిద్ర పట్టిస్తుంది. గోడలోంచి వింటున్నారన్న నమ్మకాన్ని అది తాకదు. కొన్నాళ్లకు అదే మోతాదు పనిచేయదు, ఇంకోటి కలపాలనిపిస్తుంది. కొందరిలో మత్తుకు బదులు చిరాకు, దూకుడు పెరుగుతాయి. అసలు ఇది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. షాపు అతను మీ తమ్ముణ్ణి చూడనైనా చూడలేదు, మీరు చెప్పిన ‘నిద్ర లేదు’ అన్న రెండు మాటలకు మాత్ర ఇచ్చాడు. అలాగని మూడు వారాలు రోజూ పడిన మందును ఒక్కసారిగా ఆపినా ఇబ్బందే. నిద్ర మరీ చెడుతుంది, వణుకు, చెమటలు వస్తాయి, అరుదుగా ఫిట్స్ రావచ్చు. కాబట్టి మోతాదు పెంచకండి, మీ అంతట మీరు మానకండి. ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పటి నుంచి అన్నది కాగితం మీద రాసుకుని రేపే డాక్టర్‌కు చెప్పండి. ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. రేపటిదాకా ఆగలేకపోతే టెలిమానస్ 14416కి చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మనిషిని చూడకుండా నేను జబ్బు పేరు ఖాయం చేయను, చేయకూడదు కూడా. ఉత్తరంలోని వివరాలు మాత్రం సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది భ్రమో తేడా తెలియని స్థితి, అనుమానించేలా ఉన్నాయి. ఎవరో వెంటాడుతున్నారన్న గట్టి నమ్మకం, ఎవరూ లేకుండానే గొంతులు, నిద్ర పట్టకపోవడం, చదువు ఆగిపోవడం, ఇవన్నీ ఒకే మనిషిలో ఐదు నెలలుగా. దీని వెనక స్కిజోఫ్రెనియా ఉండొచ్చు, తీవ్రమైన డిప్రెషన్ లేదా బైపోలార్ (ఉత్సాహం, దిగులు విపరీతంగా మారే జబ్బు) ఉండొచ్చు, గంజాయి ఉండొచ్చు, మెదడుకో శరీరానికో వచ్చిన వేరే జబ్బూ ఉండొచ్చు. ‘ఏ అలవాట్లూ లేవు’ అని రాశారు. మీకు తెలిసినంతవరకు అని చదువుకున్నాను. డాక్టర్ అతన్ని విడిగా అడుగుతారు, మూత్ర పరీక్ష చేయించవచ్చు. అప్పుడు నొచ్చుకోకండి. జిమ్‌కనో ఆయాసానికనో స్టెరాయిడ్లు వాడాడా అన్నదీ చెప్పాలి. మామూలుగా రక్తంలో చక్కెర, థైరాయిడ్, బి12, కాలేయం, కిడ్నీ పరీక్షలు చూస్తారు. అవసరాన్ని బట్టి హెచ్ఐవీ, సిఫిలిస్, మెదడు స్కాన్, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) రాస్తారు. జ్వరం, ఫిట్స్, ఏ రోజో ఏ ఊరో తెలియని అయోమయం, చేతులూ ముఖమూ వింతగా కదలడం ఉంటే రేపటిదాకా కూడా ఆగకండి. మెదడువాపు లాంటివి మొదట్లో అచ్చం పిచ్చిలాగే కనిపిస్తాయి.

ఐదు నెలలు ఆగారు. కొంచెం కోప్పడతాను. వైద్యం లేకుండా ఎంత కాలం గడిస్తే మందులకు స్పందన అంత మందగిస్తుంది, తిరిగి చదువులోకి రావడం అంత కష్టమవుతుంది. ‘వయసు ప్రభావం, సర్దుకుంటుంది’ అనుకుంటూ సెమిస్టర్ దాటించేస్తారు. అతనంతట అతను వస్తాడని చూడకండి. తనకు జబ్బు లేదని వాదించడం మొండితనం కాదు, చాలా మందిలో అది ఈ జబ్బు లక్షణమే.

మరి తీసుకెళ్లడం ఎలా? వాదించకండి, వంత పాడకండి. “గోడలో ఎవరూ లేరురా, నీకు పిచ్చా” అంటే మీరూ శత్రువుల్లో కలుస్తారు. “అవును, నాకూ అనుమానంగానే ఉంది” అంటే నమ్మకం ఇంకా బిగుస్తుంది. “నాకైతే ఆ మాటలు వినిపించడం లేదు, నువ్వు మాత్రం చాలా భయపడుతున్నావని తెలుస్తోంది” అనండి. పక్కింటివాళ్ల సంగతి ఎత్తకుండా నిద్ర గురించి మాట్లాడండి. “ఇన్ని రోజులుగా నిద్ర లేదు, దానికి చూపిద్దాం” అన్నది అబద్ధం కాదు, అతను ఒప్పుకునే మాట కూడా. గుడికని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్లొద్దు. ఒక్కరో ఇద్దరో, అతను ఎక్కువ నమ్మేవాళ్లే వెంట వెళ్లండి. పది మంది బంధువులతో బయల్దేరితే కోటను ముట్టడించినట్టే ఉంటుంది అతనికి.

ఈలోపు తిండి. తొక్కతో ఉన్నవి ఇవ్వండి: అరటిపండు, ఉడికించిన గుడ్డు అతనే ఒలుచుకుంటాడు. నీళ్లు సీలు ఉన్న సీసాలో. ఒకే గిన్నెలోంచి అతని ఎదుటే మీరూ వడ్డించుకుని తినండి. వండుకుంటానంటే దగ్గరుండి వండుకోనివ్వండి. ఒక రోజంతా నీళ్లు కూడా ముట్టకపోతే ఆసుపత్రికే.

ఎంత చెప్పినా రానంటే, ప్రమాదం స్పష్టంగా ఉంటే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో దారి ఉంది. నామినేటెడ్ ప్రతినిధిగా, అంటే రోగి తరఫున నిలబడే వ్యక్తిగా, కుటుంబ సభ్యులు దరఖాస్తు ఇస్తే, వైద్య నిపుణులు పరీక్షించి అవసరమని తేలిస్తే 30 రోజుల వరకు చేర్చుకుని వైద్యం చేయవచ్చు. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరు వింటేనే జంకుతారు మనవాళ్లు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్ ఉంటే మొదట అక్కడే చూపించండి, చాలామందికి చేరాల్సిన అవసరమే రాదు.

దర్గాకు వెళ్లి మొక్కుకుంటే నాకు అభ్యంతరం లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజును అది వెనక్కి నెట్టకూడదు, అంతే. కట్టేయడం, కొట్టడం, పస్తు పెట్టడం, పొగ వేయడం ఒప్పుకోకండి. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన మానసిక రోగులు మంటలొచ్చినా కదల్లేక 28 మంది చనిపోయారు. గొలుసు వేయడాన్ని ఇప్పుడు చట్టమే నిషేధించింది.

మందుల గురించి కొంత ముందే తెలిసి ఉండాలి. సాధారణంగా రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటివాటిలో ఒకటి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. పేర్లు చూసి షాపుకు వెళ్లమని కాదు చెప్పడం. నిద్ర, అలజడి కొద్ది రోజుల్లో కుదుటపడవచ్చు. నమ్మకాలు సడలడానికి సరైన మోతాదులో నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి. పదో రోజున ‘గుణం లేదు’ అని డాక్టర్‌ను మార్చకండి.

మొదటి కొద్ది రోజుల్లో, ముఖ్యంగా కుర్రాళ్లలో, మెడ ఒక పక్కకు లాగేయడం, కనుగుడ్లు పైకి వెళ్లి నిలిచిపోవడం, దవడ బిగుసుకోవడం జరగవచ్చు. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, ఇంజెక్షన్‌తో సాధారణంగా అరగంటలోపే వదులుతుంది. ఇప్పుడు మళ్లీ ఆ పెరుగన్నం గుర్తుకు తెచ్చుకోండి. తనకు తెలియకుండా మందు వేశారు, తెల్లారేసరికి మెడ తిరిగిపోయింది. విషం పెట్టారనే కదా అనుకుంటాడు? అదే మాత్ర చేతికిచ్చి, ఇలా జరిగితే ఇది విరుగుడు అని ముందే చెప్పి ఉంటే మీ దగ్గరికే వస్తాడు. మాత్ర దాస్తున్నాడనిపిస్తే నోట్లో కరిగిపోయేవి, రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, అడగండి.

కాళ్లు నిలవక అటూ ఇటూ తిరుగుతూనే ఉంటే జబ్బు ముదిరిందనుకోకండి. అది మందు వల్ల కావచ్చు, డాక్టర్‌కు చెబితే సరిచేస్తారు. మందు మొదలుపెట్టిన రోజే బరువు రాసుకోండి, మొదటి ఆరు వారాలు వారానికోసారి చూడండి, మూడో నెలలో చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్ష. ఎక్కువ జ్వరంతో పాటు ఒళ్లు కట్టెలా బిగుసుకుంటే మందు ఆపి అత్యవసర విభాగానికి వెళ్లాలి. ఇది అరుదు, కానీ ప్రాణాంతకం. బాగయ్యాక కూడా కనీసం ఏడాది రెండేళ్లు వాడాల్సి రావచ్చు. ఎన్నాళ్లన్నది అతన్ని చూసిన డాక్టరే చెప్పాలి. ఎక్కువ మందిలో జబ్బు తిరగబెట్టేది ‘బాగానే ఉన్నాడు కదా’ అని ఆపేసిన తర్వాతే.

ఇప్పుడు మీ ప్రశ్న. కథలు రాయడం వల్ల సైకోసిస్ రాదు. పాతరోజుల్లో ఈ భయం చేతబడి రూపంలోనో, రేడియోలో తన గురించే చెబుతున్నారన్న రూపంలోనో వచ్చేది, ఇప్పుడు ఫోన్ హ్యాకింగ్, చిప్పులు అంటున్నారు. భయపడే మెదడు చేతికి అందిన వస్తువునే వాడుకుంటుంది. మీ తమ్ముడికి కోట, కావలివాడు అందుబాటులో ఉన్నారు. గంటలకొద్దీ ఊహల్లో తేలిపోయేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లకూ పనులు చెడతాయి, కానీ అన్నానికి పిలిస్తే లేచి వస్తారు, అది ఊహేనని వాళ్లకు తెలుసు. కావలివాడు కుక్కకు ముద్ద వేస్తాడని రాసినన్నాళ్లూ అది కథే. ఆ ముద్ద మీ గుమ్మం ముందు పడిన రోజు నుంచీ అది నా లాంటివాళ్లు చూడాల్సిన సంగతి.

నోటుపుస్తకాలు కాల్చకండి. అతనికి అది మళ్లీ శత్రువుల పనే. పైగా అవి డాక్టర్‌కు పనికొస్తాయి. అడిగి, ఇస్తే, ఈ ఏడాదివి రెండు వెంట తీసుకెళ్లండి. ‘కావలివాడు’ అన్న చోట ‘నేను’ మొదటిసారి వచ్చిన పేజీ మీద తేదీ ఉందేమో చూడండి. ఐదు నెలలని మీరనుకుంటున్నది అంతకంటే ముందే మొదలై ఉండొచ్చు.