‘తీవ్ర ఆందోళన’ వల్ల ఒరిగేదేమిటి?

ప్రశ్న: 2021 ఫిబ్రవరి 1న మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పటి నుంచి దేశాలన్నీ ‘తీవ్ర ఆందోళన’ అంటూ ప్రకటనలు ఇస్తూనే ఉన్నాయి. అక్కడ కాల్పులు ఆగాయా? అయినా వేరే దేశం గొడవలో మిగతావాళ్లు తలదూర్చడం ఎందుకు?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. ఉత్త మాటలకు ఆ సైన్యం లొంగదు. 2022 జూన్‌లో కంబోడియా ప్రధాని హున్ సేన్, అప్పుడు ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ అధ్యక్ష స్థానంలో ఉన్న మనిషి, ఉరిశిక్షలు అమలు చేయొద్దని సైన్యాధిపతి మిన్ ఆంగ్ హ్లైంగ్‌కు స్వయంగా ఉత్తరం రాసి బతిమాలారు. మరుసటి నెలలోనే నలుగురిని ఉరితీసేశారు, వాళ్లలో ఒకరు మాజీ ఎంపీ. తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

అలాగని ప్రకటనలన్నిటినీ ఒకే గాటన కట్టేయకండి. వాటి వెనకాల ఏం వస్తోందో చూడాలి. ఐక్యరాజ్యసమితిలో మయన్మార్ రాయబారి క్యా మో టున్, సైనిక కుట్ర జరిగిన నెలలోనే జనరల్ అసెంబ్లీలో నిలబడి సొంత దేశ సైన్యాన్ని ఎదిరించి మాట్లాడి, నిరసన గుర్తుగా మూడు వేళ్లు పైకెత్తారు. మర్నాడే సైన్యం ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేశామంది. కానీ సైన్యం పంపిన మనిషిని గుర్తించే విషయాన్ని సమితి వాయిదా వేస్తూ పోయింది కాబట్టి ఆ కుర్చీ ఏళ్ల తరబడి ఆయనకే ఉండిపోయింది. గుర్తింపు దక్కకపోవడం సైనిక పాలకులకు చిన్న దెబ్బేం కాదు. డబ్బు సంగతీ అంతే, వాళ్లకు విదేశీ ఆదాయం దండిగా తెచ్చే ప్రభుత్వ చమురు, గ్యాస్ సంస్థపై యూరోపియన్ యూనియన్ 2022 ఫిబ్రవరిలో ఆంక్షలు పెట్టింది. ఏడాది ఆలస్యంగా అనుకోండి.

ఇక తలదూర్చడం అంటారా, 1948లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనకు అనుకూలంగా ఓటేసిన 48 దేశాల్లో బర్మా, అంటే ఇప్పటి మయన్మార్, కూడా ఉంది. అప్పుడు ఒప్పుకున్నదాన్ని పాటించమనే ఇప్పుడు అడుగుతున్నది.

నాకు బాధ కలిగించింది మాత్రం మన దేశం తీరు. 2021 జూన్ 18న సైన్యాన్ని ఖండిస్తూ జనరల్ అసెంబ్లీలో పెట్టిన తీర్మానానికి 119 దేశాలు ఓటేస్తే, దూరంగా ఉండిపోయిన 36 దేశాల్లో చైనా, రష్యాలతో పాటు మనమూ ఉన్నాం. 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది, ఈశాన్యంలో మిలిటెంట్ల టెన్షన్ ఉంది, ఆ సైన్యంతో మాట్లాడక తప్పదంటారు. మాట్లాడండి, ఎవరొద్దన్నారు, కానీ మాట్లాడటానికీ ఓటేయకుండా కూర్చోవడానికీ సంబంధం ఏమిటో నాకైతే అర్థం కాలేదు. అదే సమయంలో, శరణార్థులను రానివ్వొద్దని కేంద్రం చెప్పినా, మిజోరం ప్రజలు సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు ఆశ్రయం ఇచ్చారు, వాళ్ల అప్పటి ముఖ్యమంత్రి జోరంతంగా ఆ ఆదేశం తమకు సమ్మతం కాదని ప్రధానికే ఉత్తరం రాశారు.

కాబట్టి ఈసారి ఇలాంటి ప్రకటన చదివినప్పుడు మూడు విషయాలు వెతకండి: ఖైదీలను వదలమని సూటిగా అడిగారా, ఆయుధాలు, విమాన ఇంధనం అమ్మకం ఆపుతామన్నారా, పారిపోయి వచ్చినవాళ్లను వెనక్కి పంపబోమన్నారా. ఈ మూడింట్లో ఒక్కటీ లేకపోతే మీ కోపం ఆ ప్రకటన ఇచ్చిన ప్రభుత్వం మీద చూపించండి, అది మనదైనా సరే.