కోటి పేర్లకు ఎంత మెమరీ కావాలి?

ప్రశ్న: బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది చదువుతున్నాను. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో కోటి పేర్లను మెమరీలో ఎలా పెడతావని అడిగారు. పైథాన్ లిస్టులో అన్నాను. ఎంత మెమరీ పడుతుందంటే చెప్పలేకపోయాను. ర్యామ్ చవకైన ఈ రోజుల్లో ఇవన్నీ నేర్చుకోవాలా?

జవాబు: తప్పకుండా నేర్చుకోండి. లిస్ట్ అనడం తప్పు కాదు. వాళ్లు చూసింది మీకు లెక్క వేయడం వచ్చా అని.

పేరుకు సగటున 8 ఇంగ్లిష్ అక్షరాలనుకుందాం. అక్షరానికి ఒక బైటు చొప్పున అసలు సమాచారం 80 ఎంబీ. పైథాన్ 3.11లో ఖాళీ స్ట్రింగే (అక్షరాల వరుసను దాచే ఆబ్జెక్టు) 49 బైట్లు. అక్షరాలతో కలిపి 57. మెమరీని 16 బైట్ల చొప్పున కేటాయిస్తుంది కాబట్టి అది 64 అవుతుంది. లిస్టులో ఆ స్ట్రింగ్ ఎక్కడుందో చెప్పే అడ్రస్‌కు ఇంకో 8. అంటే కోటి పేర్లకు 720 ఎంబీ! పేర్లన్నీ ఒకే పెద్ద బైట్ల వరుసలో పక్కపక్కనే పేర్చి, ప్రతి పేరూ ఎక్కడ మొదలవుతుందో 4 బైట్ల అంకెగా రాసుకుంటే 120 ఎంబీతో సరిపోతుంది.

అయితే పేర్లు తరచూ మారుతుంటే ఈ పద్ధతి ఇబ్బంది పెడుతుంది. ఒకే పేరు పదేపదే వస్తే దాన్ని ఒక్కసారి దాచి, మిగతా చోట్ల నంబర్ వాడటం మేలు. మొదటి అక్షరాలతో వెతకాలంటే ట్రై (అక్షరం అక్షరానికీ కొమ్మలుగా విడిపోయే చెట్టులాంటి అమరిక) లాంటివి పనికొస్తాయి. అందుకే జవాబు చెప్పేముందు వీటి గురించి ఇంటర్వ్యూ చేసేవారినే అడగండి. అలా అడిగే అభ్యర్థి అంటే నాకు చాలా గౌరవం.

మన భాషతోనూ ఓసారి ప్రయత్నించండి. జీసీసీ అనే కంపైలర్‌తో వచ్చే సీ++ లైబ్రరీ 15 బైట్ల వరకు స్ట్రింగ్‌ను ఆబ్జెక్టులోనే ఉంచుతుంది, విడిగా మెమరీ అడగదు. కానీ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 'తెలుగు' అనే చిన్న మాటే 18 బైట్లు, అంటే దానికి విడిగా మెమరీ అడగాల్సిందే.

డేటాబేస్, సెర్చ్, కంపైలర్ ఉద్యోగాల్లో ఇలా మెమరీ లెక్క వేయడం రోజువారీ పని. వెబ్ డెవలప్‌మెంట్‌కు వెళ్లేవారికి పైన వేసినంత లెక్క వస్తే చాలు. క్లౌడ్‌లో మెమరీకి నెలనెలా అద్దె కడతారు కాబట్టి చవక అనే మాట అక్కడ నిలవదు.

సెమిస్టర్ సెలవుల్లో సీ భాషలో ఆ బైట్ల వరుసను సొంతంగా రాసి, పైథాన్ లిస్టుతో పోల్చి కొలవండి. తర్వాత డేటాను మెమరీలోనే ఉంచే రెడిస్ అనే డేటాబేస్ సోర్స్ కోడ్‌లో, స్ట్రింగ్‌లను దాచే ఎస్‌డీఎస్ ఫైళ్లు చదవండి. చిన్న స్ట్రింగ్‌లకు 3 బైట్ల హెడర్‌తో (పొడవు లాంటి వివరాలుండే ముందు భాగం) ఎలా సరిపెట్టారో కనిపిస్తుంది. మీరు కొలిచిన అంకెలను రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు పక్కనే రాయండి.